కొరత ఉన్నది కొలువులకు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచీ జిల్లా కేంద్రాల్లో బస్టాండు గోడల మీదా ఆటోల వెనకా నర్సింగ్ కాలేజీల ఫ్లెక్సీలు వెలుస్తాయి. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, మెడలో స్టెతస్కోపు, కింద పెద్ద అక్షరాల్లో నూరు శాతం ఉద్యోగ హామీ. ఊళ్ళో పెద్దవాళ్ళ మాటా అదే: నర్సింగ్ చదివిన పిల్ల ఖాళీగా ఉండదు. ఆస్పత్రి యజమానుల సమావేశాల్లోనూ, మంత్రుల ప్రసంగాల్లోనూ ఇదే పాట. దేశంలో నర్సుల కొరత తీవ్రంగా ఉంది, చదివిన ప్రతి ఒక్కరికీ పని ఉంది. మరి సర్టిఫికెట్ చేతికొచ్చి ఏడాది దాటినా ఉద్యోగం దొరకని అమ్మాయి కళ్ళెదుట కనిపిస్తే ఏం చెప్పాలి? ఈ వాదనకు మిగిలే జవాబు ఒక్కటే: లోపం ఆమెలోనే ఉంది. స్కిల్స్ లేవు, ఇంగ్లీషు రాదు, పల్లెకు వెళ్ళనంటుంది, జీతం ఎక్కువ అడుగుతుంది, రెండేళ్ళు కాగానే గల్ఫ్ విమానం ఎక్కేస్తుంది.

ఈ వాదన తప్పు. వినడానికి సబబుగా ఉంటుంది కాబట్టి ఎవరూ విప్పి చూడరు. విప్పి చూస్తే ఒక్క ముక్కా నిలవదు. మన దగ్గర కరువైంది నర్సులు కాదు, వాళ్ళను పెట్టుకునే పోస్టులు. రోగులకు ఎంతమంది నర్సులు కావాలన్నది ఒక లెక్క. ఆస్పత్రి ఎంతమందికి జీతమిచ్చి పెట్టుకుంటుందన్నది వేరే లెక్క. మొదటి లెక్కను అందరికీ చూపించి, రెండోదాని ఊసెత్తకపోవడం వల్లే ఈ అపోహ ఇన్నాళ్ళు బతికింది. దాని భారం మోస్తున్నది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు.

ముందు అంకెల సంగతి చూద్దాం. ప్రపంచంలో 59 లక్షల మంది నర్సులు తక్కువగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదికలో చెప్పింది. 2025 నివేదికలో ఆ లోటు 58 లక్షలు. మన దేశంలో నమోదైన నర్సింగ్ సిబ్బంది సుమారు 33 లక్షల 41 వేలు అని కేంద్రం 2022లో పార్లమెంటుకు తెలిపింది. అంటే వెయ్యి మంది జనాభాకు 1.96. ఉండాల్సింది ముగ్గురు. ఇవన్నీ నిజమే, ఎవరూ కాదనరు. కానీ ఇవి అవసరపు లెక్కలు. ఇంతమందిని రేపటి నుంచి పనిలోకి తీసుకుంటామని ఏ ప్రభుత్వమూ, ఏ యాజమాన్యమూ ఆ కాగితాల కింద సంతకం పెట్టలేదు.

పైగా నమోదైన వాళ్ళంతా పనిలో ఉన్నారా? 2021లో 'హ్యూమన్ రిసోర్సెస్ ఫర్ హెల్త్' అనే పత్రికలో భారతీయ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. 2017-18 జాతీయ నమూనా సర్వే వివరాలను వాళ్ళు జల్లెడ పట్టారు. రికార్డుల ప్రకారం చూస్తే పదివేల జనాభాకు నర్సులు, మిడ్‌వైఫ్‌లు కలిపి 17.7. నిజంగా పనిలో ఉన్నవాళ్ళు 10.6. ఆ పనిలో ఉన్నవాళ్ళలో తగిన అర్హత ఉన్నవాళ్ళను మాత్రమే లెక్కేస్తే 6.0.

ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మొదటి దానికీ రెండో దానికీ మధ్య ఉన్న తేడాలో రిటైరైనవాళ్ళు, చనిపోయినవాళ్ళు, విదేశాలకు వెళ్ళినవాళ్ళు కొంతమంది ఉంటారు, రిజిస్టర్ల నుంచి పేర్లు తీసేసే అలవాటు మన నర్సింగ్ కౌన్సిళ్ళకు తక్కువ కాబట్టి. వాళ్ళతోపాటు చదువుకుని ఇంట్లో కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. ఇక రెండో దానికీ మూడో దానికీ మధ్య తేడా ఇంకా కలవరపెట్టేది. నర్సు పని చేస్తున్న పదిమందిలో నలుగురికి పైగా ఆ పనికి తగిన అర్హత లేదు. ఒక పక్క అర్హత లేనివాళ్ళు పనిలో ఉన్నారు, ఇంకో పక్క అర్హత ఉన్నవాళ్ళు ఇంటర్వ్యూల క్యూలో ఉన్నారు. నిజంగా మనుషుల కొరతే అయితే ఈ రెండూ ఒకే దేశంలో, ఒకే ఊళ్ళో పక్కపక్కన ఎలా ఉంటాయి?

హైదరాబాద్‌లో ఏ పెద్ద ఆస్పత్రిలోనైనా వాక్-ఇన్ ఇంటర్వ్యూ జరిగే రోజు అక్కడికి వెళ్తే ఆ క్యూ కనిపిస్తుంది. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో రాత్రి బస్సెక్కి, తెల్లారి తెలిసినవాళ్ళ హాస్టల్ గదిలో స్నానం చేసి, తొమ్మిదింటికల్లా వచ్చి కూర్చున్నవాళ్ళు. ఒళ్ళో ప్లాస్టిక్ ఫైలు. అందులో టెన్త్ మెమో నుంచి కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దాకా అన్ని ఒరిజినల్స్, వాటి జిరాక్సులు మూడేసి సెట్లు, పాస్‌పోర్టు ఫోటోలు. ముందు రాత పరీక్ష పెడతారు. అర లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలి, మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు పడే సెట్టు, నిమిషానికి ఎన్ని చుక్కలు పెట్టాలి? ఇరవై ఒకటి. చాలామంది సరిగ్గానే రాస్తారు. తర్వాత లోపలికి పిలుస్తారు.

అక్కడ అడిగే మొదటి ప్రశ్నకు చుక్కల లెక్కతో సంబంధం లేదు. "ఎక్స్‌పీరియెన్స్ ఎంత? ఐసీయూ చేశారా? ఎన్ని పడకల ఆస్పత్రి?" ఫ్రెషర్ అనగానే ఫైలు మూతపడుతుంది. లేదంటే, "మూడు నెలలో ఆరు నెలలో ట్రైనీగా చెయ్యండి, తర్వాత చూద్దాం" అంటారు. ట్రైనీకి ఇచ్చేది హాస్టల్ ఫీజుకూ బస్ పాస్‌కూ సరిపోతే గొప్ప. ఒరిజినల్స్ మా దగ్గరే ఉంచాలనే చోట్లున్నాయి. రెండేళ్ళ బాండు రాయమనే చోట్లున్నాయి, మధ్యలో మానేస్తే కట్టాల్సిన మొత్తం అందులోనే రాసి ఉంటుంది. ఇలాంటి బాండ్లను రద్దు చేయాలని కేరళలో 2012లోనే బలరామన్ కమిటీ ప్రభుత్వానికి సిఫారసు చేసింది. పన్నెండేళ్ళు దాటినా ఒరిజినల్స్ పోతాయన్న భయంతో జీతం గురించి నోరెత్తని నర్సులు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పటికీ ఉన్నారు.

అనుభవం కావాలంటే ఉద్యోగం చేసి ఉండాలి, ఉద్యోగం కావాలంటే అనుభవం ఉండాలి. ఈ మెలిక ప్రైవేటు ఆస్పత్రులకే పరిమితం కాదు. ఎయిమ్స్ సంస్థలన్నిటికీ కలిపి జరిగే నార్సెట్ పరీక్ష రాయాలంటే జీఎన్ఎం డిప్లొమా చదివినవాళ్ళకు కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ళ అనుభవం ఉండాలి. బీఎస్సీ వాళ్ళకు ఆ షరతు లేదు. బీఎస్సీ చదివే స్తోమత లేక, ఇంటికి దగ్గర్లో ఉందని జీఎన్ఎంలో చేరేది ఎక్కువగా పేదింటి పిల్లలే. ఆ రెండేళ్ళ అనుభవం ఎక్కడ తెచ్చుకోవాలో పరీక్ష పెట్టేవాళ్ళు చెప్పరు.

ఇక ఎక్కువగా వినిపించే మాట, స్కిల్స్ లేవన్నది. కాలేజీ నుంచి వచ్చిన పిల్లకు క్యాన్యులా పెట్టడం రాదట, మానిటర్ చూడటం రాదట, డాక్టర్ ఫోన్‌లో చెప్పిన ఆర్డర్ రాసుకోవడానికి తడబడుతుందట. ఇందులో కొంత నిజం ఉంది. కొత్త నర్సుకు తడబాటు ఉంటుంది. ఎక్కడైనా ఉంటుంది. మార్లీన్ క్రేమర్ అనే అమెరికన్ నర్సు 1974లోనే ఈ స్థితి మీద పుస్తకం రాసి దానికి 'రియాలిటీ షాక్' అని పేరు పెట్టింది. ప్యాట్రీషియా బెన్నర్ 1984లో నర్సు ఎదుగుదలను అయిదు మెట్లుగా విడదీసి, మూడో మెట్టు అందుకోవడానికే ఒకే తరహా విభాగంలో రెండు మూడేళ్ళ పని కావాలని చెప్పింది. ఆ ఎదుగుదల ఉద్యోగంలోనే జరుగుతుంది, ఉద్యోగానికి ముందు కాదు. ఇది నర్సింగ్ లోకమంతా నలభై ఏళ్ళుగా చదువుతున్న పాఠం. కొత్త నర్సు పూర్తిగా తయారై రావాలని కోరుకునే ఆస్పత్రి, ఆ తయారీ ఖర్చు తన జేబులోంచి పోకూడదని కోరుకుంటోంది. అసలు సంగతి అంతే.

డాక్టర్ల విషయంలో ఇలా అడుగుతున్నామా? ఎంబీబీఎస్ పూర్తి చేసినవాళ్ళకు ఏడాది హౌస్ సర్జన్సీ ఉంటుంది. స్టైపెండ్ ఇస్తారు, పైనుంచి చూసేవాళ్ళుంటారు, తప్పు చేస్తే దిద్దేవాళ్ళుంటారు. అది విద్యలో భాగమని సమాజం ఒప్పుకుంది. నర్సింగ్‌లోనూ కోర్సు చివర ఇంటర్న్‌షిప్ అని కాగితం మీద ఉంది. చాలాచోట్ల దాని అర్థం విద్యార్థిని జీతం లేని స్టాఫ్‌గా వార్డులో నిలబెట్టడమే. నైట్ డ్యూటీలు వేస్తారు, పడకలు సర్దిస్తారు, రోగిని స్కానింగ్‌కు తోసుకెళ్ళమంటారు, మందుల బిల్లు తెమ్మంటారు. వెంటిలేటర్ దగ్గర నిలబెట్టి ఇది ఎందుకు మోగుతోందో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు, ఎందుకంటే అక్కడున్న ఒక్క సీనియర్ సిస్టర్ చేతిలో ఆరుగురు రోగులుంటారు. ఇంకొన్ని చోట్ల దీనికి పూర్తిగా వ్యతిరేకం. పెద్ద ప్రైవేటు ఆస్పత్రులు విద్యార్థుల్ని రోగి మీద చెయ్యి వెయ్యనివ్వవు, డబ్బు కట్టిన రోగి ఒప్పుకోడని. ఒక మంచం చుట్టూ ముప్ఫైమంది నిలబడి చూసి, రికార్డు పుస్తకంలో ప్రొసీజర్ చేసినట్టు రాసుకుని వస్తారు. ఇలా నేర్పింది ఆస్పత్రులే, నేర్చుకోలేదని తిడుతున్నదీ ఆస్పత్రులే.

కాలేజీల నాణ్యత గురించి చెప్పాల్సిందే. కాలేజీకి సొంతంగా వంద పడకల ఆస్పత్రి ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. ఆ నిబంధన ఎలా అమలవుతోందో మధ్యప్రదేశ్ చూపించింది. అక్కడ హైకోర్టు ఆదేశం మీద సీబీఐ మూడు వందలకు పైగా నర్సింగ్ కాలేజీలను తనిఖీ చేస్తే, సరిగ్గా ఉన్నవి 169 అని తేలింది. మిగిలినవి లోపాలతోనో, పూర్తిగా అనర్హంగానో ఉన్నాయి. ఆ తనిఖీకి వెళ్ళిన అధికారుల్లోనే కొందరు అనుకూల నివేదికల కోసం లంచాలు తీసుకున్నారని 2024 మే నెలలో సీబీఐ తన సొంత ఇన్‌స్పెక్టర్‌నే అరెస్టు చేసింది. ఇక్కడ దోషి ఎవరు? అనుమతి ఇచ్చినవాళ్ళా, తీసుకున్నవాళ్ళా, ఆస్తులమ్మి ఫీజు కట్టిన తల్లిదండ్రులా? ఆ కాలేజీలో చదివిన అమ్మాయికి స్కిల్స్ లేవని ముద్ర వేయడం తేలిక. అనుమతి సంతకం పెట్టినవాళ్ళ పేరు ఎత్తడం కష్టం. మనం తేలికైన పనే ఎంచుకున్నాం.

మనసుంటే మార్గం లేకపోలేదు. అమెరికాలో 2002 నుంచి కొత్త నర్సులకు ఏడాదిపాటు సాగే రెసిడెన్సీ కార్యక్రమాలు నడుస్తున్నాయి. జీతమిస్తూనే, సీనియర్ పక్కన పెట్టి నేర్పిస్తారు. అలా నేర్చుకున్నవాళ్ళు మొదటి ఏడాదే మానేసి పోవడం తగ్గుతుందని, కాబట్టి ఆ ఖర్చు ఆస్పత్రికే లాభమని అక్కడివాళ్ళు గ్రహించారు.

ఇక విదేశాలకు పోతారన్న మాట. నేర్పించి ఏం లాభం, రెండేళ్ళలో వెళ్ళిపోతారు అంటారు యాజమాన్యాలవాళ్ళు. వెళ్తారు, నిజమే. గల్ఫ్ ఆస్పత్రుల ప్రకటనల్లో సాధారణంగా రెండేళ్ళ అనుభవం అడుగుతారు, అది పూర్తవగానే వెళ్తారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పించి మరీ పంపుతోంది. ప్రభుత్వం స్వయంగా దారి చూపిస్తున్న పనిని ఆ అమ్మాయి చేస్తే మాత్రం అది స్వార్థమెలా అవుతుంది? అసలు ఎందుకు వెళ్తున్నారో అడిగితే జవాబు జీతం చీటీలోనే దొరుకుతుంది.

ఈ జీతం చీటీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన కేసులో 2016 జనవరి 29న కోర్టు, ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుల జీతాలు, పని పరిస్థితుల మీద కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. కమిటీ స్పష్టంగా చెప్పింది. 200 పడకలు దాటిన ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. వంద దాటితే పది శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి వంద పడకలైతే 25 శాతానికి మించి తగ్గకూడదు. అంతకంటే చిన్న ఆస్పత్రిలోనైనా నెలకు 20 వేలకు తగ్గకూడదు. కేంద్రం ఈ సిఫారసులను రాష్ట్రాలకు పంపి అమలు చేయమంది. కేరళలో నర్సులు యూనియన్ కట్టి, సమ్మెలు చేసి, 2018 ఏప్రిల్‌లో 20 వేల కనీస వేతనం నోటిఫికేషన్ తెచ్చుకున్నారు. తెలుగు రాష్ట్రాల్లో చిన్న పట్టణాల నర్సింగ్ హోముల్లో పది పన్నెండు వేలకు రెండు షిఫ్టులు చేస్తున్న నర్సుల్ని అడిగితే, అలాంటి కమిటీ ఒకటుందని విన్నవాళ్ళే తక్కువ. 2016 నాటి 20 వేలు ఇవాళ కూడా అందని కలగా ఉన్న చోట కొరత గురించి మాట్లాడే నైతిక హక్కు యాజమాన్యాలకు లేదు. సరుకు నిజంగా దొరకనప్పుడు దాని ధర పెరుగుతుంది. నర్సుల కొరత అంటూనే కొత్త నర్సు జీతం ఏళ్ళ తరబడి కదలకపోవడం చూస్తే చాలు, కొరత కథలో ఎంత నిజముందో తెలుస్తుంది.

పల్లెకు వెళ్ళరు, ప్రభుత్వ ఉద్యోగానికి ప్రయత్నించరు అన్న నింద ఇంకా అన్యాయం. తెలంగాణలో 2022 చివర 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ వస్తే 40 వేల మందికి పైగా దరఖాస్తు చేశారు. పోస్టులు పెంచి, 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలిచ్చారు. మంచి పని, హర్షించాల్సిందే. మిగిలిన ముప్ఫై వేల పైచిలుకు మంది ఏమయ్యారు? వాళ్ళంతా స్కిల్స్ లేనివాళ్ళా? ఆంధ్రప్రదేశ్‌లో పదివేలకు పైగా విలేజ్ హెల్త్ క్లినిక్‌లున్నాయి. వాటిని నడుపుతున్నది బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్ళే. కాంట్రాక్టు మీద చేరి ఊళ్ళలో బీపీలు, షుగర్లు చూస్తున్నారు, గర్భిణుల బాగోగులు కనుక్కుంటున్నారు. ఉద్యోగ భద్రత కోసం 2025 వేసవిలో వాళ్ళు రోడ్డెక్కాల్సి వచ్చింది. పల్లెకు వెళ్ళనన్నది ఎవరు?

ప్రభుత్వ నియామకాల్లో మార్కుల పద్ధతి చూస్తే కొత్తవాళ్ళ పరిస్థితి ఇంకా అర్థమవుతుంది. తెలంగాణలో 80 మార్కులు రాత పరీక్షకు, 20 మార్కులు ఇప్పటికే ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ మీద చేసిన సర్వీసుకు. ఆంధ్రప్రదేశ్‌లో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు నియామకాల్లో 75 మార్కులు చదువులో వచ్చిన మార్కులకు, 15 సర్వీసుకు, మిగతా 10 కోర్సు పూర్తయి ఎన్నేళ్ళయిందో దాన్నిబట్టి, ఏడాదికి ఒక మార్కు చొప్పున. చదువు ముగిసి పదేళ్ళయినవాళ్ళకు పది మార్కులు వస్తాయి. ఈ ఏడాది పాసైన అమ్మాయికి సున్నా. సర్వీసు మార్కుల్లోనూ సున్నా. చదువులో ఫస్టు వచ్చినా 25 మార్కులు వెనకబడే బరిలోకి దిగాలి.

ఇందులో సీనియర్లను తప్పుపట్టడానికేమీ లేదు. కోవిడ్ వార్డుల్లో ప్రాణాలకు తెగించి పనిచేసినవాళ్ళకు, ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద నలిగినవాళ్ళకు ఆ మార్కులు న్యాయంగా రావాల్సినవే. తప్పు ఆ మార్కులు అవసరమయ్యేలా చేసినవాళ్ళది. తెలంగాణలో 2017లో 3,311 పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్ కోర్టు కేసుల మధ్య ఏళ్ళ తరబడి సాగింది. కోవిడ్ కాలంలో తీసుకున్న 1,640 మంది అవుట్‌సోర్సింగ్ నర్సుల్ని 2021 జులైలో తీసేస్తే వాళ్ళు హైదరాబాద్ రోడ్ల మీద ధర్నాకు కూర్చున్నారు. ఏ ఏడాది ఖాళీలు ఆ ఏడాదే నింపి ఉంటే పదేళ్ళ నిరీక్షణకు పది మార్కులు ఇచ్చే అవసరమే వచ్చేది కాదు. కొత్త బ్యాచ్‌కూ పాత బ్యాచ్‌కూ మధ్య పోటీ పెట్టింది నియామకాలు ఆపేసిన ప్రభుత్వాలే.

ఇక్కడ కేంద్రం వేసిన మందు కూడా చూడాలి. కొరత తీర్చడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,570 కోట్లతో 157 కొత్త నర్సింగ్ కాలేజీలు మంజూరు చేసింది. ఏటా 15,700 మంది కొత్త నర్సులు వస్తారంది. దేశంలో నర్సింగ్ విద్యాసంస్థల్లో 42 శాతం అయిదు దక్షిణాది రాష్ట్రాల్లోనే ఉన్నాయని, 40 శాతం జిల్లాల్లో ఒక్కటీ లేదని కేంద్ర ఆరోగ్య శాఖే అంది. కాలేజీలు లేని జిల్లాల్లో కాలేజీలు రావడం అవసరమే. కానీ ఆ ప్రకటనలో సీట్ల లెక్క ఉంది, నర్సుల పోస్టుల లెక్క లేదు. సీట్లు పెంచి పోస్టులు పెంచకపోతే పెరిగేది క్యూ మాత్రమే. క్యూ ఎంత పెరిగితే జీతం అంత తగ్గించడం యాజమాన్యాలకు సులువు.

ఇదంతా మన దగ్గరే జరుగుతోందని అనుకోనక్కర్లేదు. వేలకొద్దీ నర్సుల పోస్టులు ఖాళీగా ఉన్నాయని చెప్పి కేరళ నుంచి, తెలుగు రాష్ట్రాల నుంచి నర్సుల్ని రప్పించుకున్న ఇంగ్లండులో, బడ్జెట్లు బిగించేసరికి అక్కడ చదివి బయటికొచ్చిన పిల్లలకే మొదటి ఉద్యోగం దొరకని పరిస్థితి వచ్చింది. 2025 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం కొత్త నర్సులకు, మిడ్‌వైఫ్‌లకు ఉద్యోగాలు చూపేందుకు 'గ్రాడ్యుయేట్ గ్యారంటీ' అని ప్రత్యేకంగా ప్రకటించాల్సి వచ్చింది. అవసరం ఎంత ఉన్నా, డబ్బు పెట్టేవాడు పెట్టకపోతే ఉద్యోగం పుట్టదు. ఇంగ్లండులో ఆ సంగతి ప్రభుత్వం ఒప్పుకుంది. మన దగ్గర ఇంకా అమ్మాయిల ఇంగ్లీషునే తప్పుపడుతున్నారు.

ఈ పోస్టులు లేకపోవడం వల్ల నష్టపోతున్నది కొత్త నర్సు ఒక్కతే అయితే, ఇంత వాదన అక్కర్లేకపోయేదేమో. రాత్రి రెండు గంటలప్పుడు ఒక ముప్ఫై పడకల ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లోకి వెళ్ళి చూడండి. కౌంటర్ దగ్గర అర్హత ఉన్న సిస్టర్ ఒకరు. ఆమెతోపాటు తెల్ల డ్రెస్సు వేసుకున్న మరో ఇద్దరు పిల్లలు. వాళ్ళు చదివింది ఇంటరో, అదీ కాదో. సెలైన్ మార్చేదీ వాళ్ళే, ఇంజెక్షన్ చేసేదీ వాళ్ళే. అవతలి గదిలో సిజేరియన్ అయిన తల్లికి రక్తస్రావం ఎక్కువవుతోందని గమనించాల్సిన కళ్ళు ఆ సిస్టరువి మాత్రమే. ఆమె అప్పటికే డబుల్ డ్యూటీలో ఉంది. బోధనాస్పత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒకరు, ఇతర ఆస్పత్రుల్లో అయిదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు, సెలవుల కోసం అదనంగా 30 శాతం అని నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ లెక్కన ఆ నర్సింగ్ హోమ్‌లో ఆ రాత్రి ఆరుగురు అర్హత ఉన్న నర్సులుండాలి. ఆ మిగతా అయిదుగురే పొద్దున వాక్-ఇన్ క్యూలో కూర్చున్నవాళ్ళు.

దీని ఫలితం ఊహ మీద ఆధారపడింది కాదు. లిండా ఎయికెన్ బృందం తొమ్మిది యూరప్ దేశాల ఆస్పత్రుల మీద చేసిన అధ్యయనం 2014లో 'లాన్సెట్'లో వచ్చింది. ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒక్కటి పెరిగినా, శస్త్రచికిత్స అయిన రోగి 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతుందని అందులో తేలింది. ఒక్క రోగి పెరిగితేనే 7 శాతం. మన వార్డుల్లో ఒక్కొక్కరి మీద అయిదుగురు, పదిమంది ఎక్కువే ఉన్నారు. ఉద్యోగం రాని నర్సు గురించి మాట్లాడటమంటే ఆపరేషన్ అయ్యాక బెడ్ మీద పడుకున్న మన తల్లి గురించి, మన చెల్లెలి గురించి మాట్లాడటమే.

చెయ్యాల్సినవి తెలియనివేమీ కావు. నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన నిష్పత్తి పాటించని ఆస్పత్రికి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఆపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచే ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ఉంది, ఆ పని చేయడానికి అధికారుల చేతిలో కలం ఉంది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఆరోగ్యశ్రీ ఆస్పత్రులతో అయినా ముందు మొదలుపెట్టవచ్చు. ప్రతి ఆస్పత్రీ తన నర్సుల్లో కొంత శాతం కొత్తవాళ్ళనే తీసుకోవాలి, మొదటి ఏడాది పూర్తి జీతంతో సీనియర్ పక్కన నేర్పించాలి. ప్రభుత్వం ఏటా ఒక తేదీకి ఖాళీలు ప్రకటించి, ఆ ఏడాదే నింపాలి. 2016 కమిటీ చెప్పిన వేతనాలకు కేరళ మాదిరి చట్టబద్ధత ఇవ్వాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకున్న యాజమాన్యం మీద కేసు పెట్టాలి. 1947 నాటి పాత కౌన్సిల్ చట్టం స్థానంలో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. కొత్త కమిషన్ మొదటి బాధ్యతగా కాలేజీల అనుమతుల్ని, ఆస్పత్రుల్లో నిజంగా ఉన్న పోస్టుల్ని పక్కపక్కన పెట్టి లెక్క తియ్యాలి.

పాఠకులు చేయగలిగింది కూడా ఉంది. ఇంట్లో ఎవరినైనా ఆస్పత్రిలో చేర్చేటప్పుడు గది అద్దె ఎంత, డాక్టర్ ఎవరు అని అడుగుతాం. దాంతోపాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: ఈ వార్డులో రాత్రి డ్యూటీలో రిజిస్ట్రేషన్ ఉన్న నర్సులు ఎంతమంది? ఒక్కొక్కరు ఎంతమంది రోగుల్ని చూస్తారు? జవాబు చెప్పకపోతే రాతపూర్వకంగా అడగండి. రోగి తరఫువాళ్ళు అడగడం మొదలుపెడితే ఆస్పత్రులు ఆ పోస్టులు తెరవక తప్పదు, ఫైళ్ళు పట్టుకుని బయట కూర్చున్న పిల్లల్ని లోపలికి పిలవక తప్పదు.